గొంతు కావాలి, ముఖం వద్దు: పిల్లల యానిమేషన్‌లో నల్లజాతి కథానాయకులు

1932లో న్యూయార్క్‌లోని ఫ్లైషర్ స్టూడియో బెట్టీ బూప్ పాత్రతో ‘మినీ ద మూచర్’ అనే చిన్న కార్టూన్ తీసింది. అందులో పాట పాడింది క్యాబ్ క్యాలోవే. హార్లెమ్‌లోని కాటన్ క్లబ్‌లో జనాన్ని ఊపేస్తున్న నల్లజాతి గాయకుడు. చిత్రం మొదట్లో కాసేపు ఆయన తన వాద్యబృందంతో నిజంగానే తెర మీద కనిపిస్తాడు. ఆ తర్వాత బొమ్మలు మొదలవుతాయి. ఇంట్లోంచి పారిపోయిన బెట్టీ ఒక గుహలోకి వెళ్తే, కోరలున్న వాల్రస్ దయ్యం ఒకటి ఎదురొచ్చి పాడుతూ ఆడుతుంది. ఆ గొంతు క్యాలోవేది. జారుతున్నట్టు వేసే ఆ అడుగులూ ఆయనవే. ఆయన నాట్యాన్ని ఫిల్ముకెక్కించి, ఒక్కో ఫ్రేమూ పెట్టుకుని దాని మీద గీశారు. ఒళ్లు మాత్రం వాల్రస్‌ది.

ఆ తర్వాతి తొంభై ఏళ్ల అమెరికన్ యానిమేషన్‌ని ఈ ఒక్క సన్నివేశం ముందే చూపించేసిందనడం కొంచెం ఎక్కువే కావచ్చు. మరీ ఎక్కువేం కాదు. నల్లజాతివాళ్ల సంగీతం, మాట తీరు, హాస్యం, నడక ఈ సినిమాల్లో మొదటి నుంచీ ఉన్నాయి. వాటి వెనకున్న మనిషిని తెర మధ్యలో నిలబెట్టడానికే స్టూడియోలకు చేయి రాలేదు. డిస్నీ మొదటి పూర్తి నిడివి యానిమేషన్ సినిమా 1937లో వచ్చింది. నల్లజాతి కథానాయిక ఉన్న డిస్నీ యానిమేషన్ సినిమా 2009లో వచ్చింది. మధ్యలో 72 ఏళ్లు. 1995లో మొదటి సినిమా విడుదల చేసిన పిక్సార్ స్టూడియోకి నల్లజాతి కథానాయకుడు దొరికింది 2020లో, ఇరవై మూడో సినిమాకి. ఈలోగా అదే పిక్సార్ బొమ్మల్నీ చీమల్నీ చేపల్నీ కార్లనీ ఎలుకనీ చెత్త ఎత్తే రోబోనీ కథానాయకుల్ని చేసింది.

మామూలు సినిమాకైతే తగిన నటుడు దొరకలేదనో, పెద్ద హీరో డేట్లు కుదరలేదనో ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. యానిమేషన్‌కి ఆ వెసులుబాటు లేదు. గీసేదాకా అక్కడ ఏదీ ఉండదు. కథానాయిక చర్మం రంగు, ముక్కు, జుట్టు ఎలా ఉండాలో మీటింగుల్లో కూర్చుని, నెలల తరబడి చర్చించి, సంతకాలు పెట్టి తేల్చుకుంటారు. కాబట్టి ఒక ముఖం దశాబ్దాల పాటు కనిపించలేదంటే దాన్ని యాదృచ్ఛికం అనడానికి వీల్లేదు.

గీసినప్పుడు ఎలా గీశారు

అసలు మొదట్లో నల్లజాతి పాత్రలే లేవనుకుంటే పొరపాటు. కావలసినన్ని ఉండేవి. అవి ఎలా ఉండేవన్నదే సమస్య.

19వ శతాబ్దపు అమెరికాలో మిన్‌స్ట్రెల్ షో అని ఒక రంగస్థల వినోదం ఉండేది. తెల్ల నటులు కాల్చిన బెండు మసిని ముఖానికి పూసుకుని, పెదవులు పెద్దవి చేసుకుని, చేతులకు తెల్ల తొడుగులేసుకుని, నల్లవాళ్లను సోమరులుగా, తిండిపోతులుగా, వెర్రిబాగులవాళ్లుగా ఆడించి చూపించేవారు. తొలినాటి కార్టూన్ పాత్రల తెల్ల చేతితొడుగులు, గుండ్రటి కళ్లు, నోటి చుట్టూ తెల్లని అంచు ఆ వేషం నుంచే వచ్చాయని యానిమేషన్ చరిత్రకారులు కొందరు వాదిస్తారు. కొన్ని పాత్రల విషయంలో వాదన కూడా అక్కర్లేదు. లూనీ ట్యూన్స్ సిరీస్‌కి 1930లో మొదటి తార అయిన బాస్కోని దాని సృష్టికర్త హ్యూ హార్మన్ కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించింది ‘నీగ్రో పిల్లాడు’ అనే. కాలక్రమంలో బాస్కో ఏ జాతో, అసలు ఏ జంతువో తెలియనంతగా కరిగిపోయాడు.

1940 నాటి ‘ఫాంటేసియా’లో సగం మనిషి, సగం గుర్రంగా ఉండే అందగత్తెల గిట్టలు తుడిచే ఒక చిన్న నల్ల పరిచారిక ఉండేది. 1960ల చివర్లో మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ ముక్కలు కత్తిరించేశారు. 1941 నాటి ‘డంబో’లో ఏనుగు పిల్లకు ధైర్యం చెప్పే కాకుల గుంపు ఉంది. వాటి యాస, పాట, వేషం అన్నీ నల్లజాతివాళ్లవి. పెద్ద కాకి పేరు, అమెరికా దక్షిణాదిలో జాతి వేర్పాటు చట్టాలకు వాడుకలో ఉన్న పేరూ ఒకటే: జిమ్ క్రో. మిగతా కాకులకు నల్లజాతి గాయకులు గొంతునిస్తే, ఆ పెద్ద కాకికి గొంతునిచ్చింది క్లిఫ్ ఎడ్వర్డ్స్ అనే తెల్ల నటుడు. 1943లో వార్నర్ బ్రదర్స్ స్నోవైట్ కథను నల్లజాతి పాత్రలతో వెక్కిరింతగా తీస్తే, నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ నిరసన తెలిపింది.

1946లో డిస్నీ ‘సాంగ్ ఆఫ్ ద సౌత్’ తీసింది. ఎక్కువ భాగం మనుషులు, కొంత బొమ్మలు. అంకుల్ రీమస్ అనే కథలు చెప్పే ముసలాయనగా వేసిన జేమ్స్ బాస్కెట్, అట్లాంటాలో జరిగిన మొదటి ప్రదర్శనకు వెళ్లలేకపోయాడు. ఊరంతా జాతి వేర్పాటు చట్టాల కింద ఉంది మరి. 1948లో ఆయనకు ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. బానిసత్వం తర్వాతి రోజుల తోటల జీవితాన్ని హాయిగా చూపించిన ఆ సినిమాని డిస్నీ అమెరికాలో ఇంట్లో చూసుకునే వీడియోగా ఎన్నడూ విడుదల చేయలేదు.

1968లో, పౌరహక్కుల ఉద్యమం తర్వాత, యునైటెడ్ ఆర్టిస్ట్స్ తన చేతిలో ఉన్న పాత వార్నర్ కార్టూన్లలో పదకొండింటిని టీవీ ప్రసారాల నుంచి తీసేసింది. తీసేయడం సబబే. కానీ స్టూడియోలు ఆ కాలం నుంచి నేర్చుకున్న పాఠం వింతైనది. ‘ఇన్నాళ్లూ తప్పుగా గీశాం, ఇక సరిగ్గా గీద్దాం’ అనుకోవచ్చు. ‘గీస్తే గొడవ, గీయకపోతే ఏ గొడవా లేదు’ అనుకున్నారు. తర్వాతి నలభై ఏళ్ల ఖాళీకి పచ్చి ద్వేషం కంటే ఈ జాగ్రత్తే పెద్ద కారణమని అనిపిస్తుంది. జాగ్రత్తలో ఒక సౌలభ్యం ఉంది. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. లేని పాత్ర గురించి పత్రికల్లో ఎవరు రాస్తారు?

1967 నాటి ‘ద జంగిల్ బుక్’లో ఈ జాగ్రత్త పనిచేసిన తీరు చూడండి. కోతుల రాజు లూయీ పాత్రకు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు అనుకున్నారు. నల్లజాతి గాయకుడితో కోతికి గొంతిప్పిస్తే ఏమవుతుందో తట్టి వెనక్కి తగ్గారు. ఆ స్థానంలో న్యూ ఆర్లీన్స్‌లోనే పుట్టిన ఇటాలియన్ అమెరికన్ లూయీ ప్రీమా వచ్చాడు. జాజ్ ఉండిపోయింది, దాన్ని పుట్టించినవాళ్లు బయట నిలబడ్డారు. ఆ సినిమా కథా విభాగంలో పనిచేసినవాళ్లలో ఫ్లాయిడ్ నార్మన్ ఉన్నాడు. 1956లో చేరిన ఆయన డిస్నీలో మొదటి నల్లజాతి యానిమేటర్. వాల్ట్ డిస్నీ చనిపోయాక ఆయన బయటికొచ్చి, మిత్రుడు లియో సలివన్‌తో కలిసి నల్లజాతి చరిత్ర మీద బడిపిల్లలకు సినిమాలు తీశాడు. ఆ కథలు పెద్ద స్టూడియోల్లో పుట్టే వీల్లేనప్పుడు చేయగలిగింది అదే.

మనుషుల్లేని ఆఫ్రికా

1994లో ‘ద లయన్ కింగ్’ వచ్చింది. ఆఫ్రికా గడ్డి మైదానాలు, స్వాహిలీ పేర్లు, దక్షిణాఫ్రికా సంగీతకారుడు లెబో ఎం స్వరం. కథలో ఒక్క మనిషీ లేడు. తండ్రి ముఫాసాకు జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతు, పెద్దయిన సింబాకు మాథ్యూ బ్రోడరిక్ గొంతు. అంటే నల్లజాతి తండ్రికి తెల్ల కొడుకు. జంతువులు కాబట్టి ఎవరికీ పట్టలేదు. అయిదేళ్ల తర్వాత ‘టార్జాన్’ వచ్చింది. అదీ ఆఫ్రికాలోనే. అందులో మనుషులున్నారు, అందరూ యూరప్ నుంచి వచ్చినవాళ్లే. ఆ అడవికి అవతల ఊళ్లుంటాయని, వాటిలో జనం ఉంటారని సినిమా చివరిదాకా ఎక్కడా అనిపించదు.

ఈ మనుషుల్లేని ఆఫ్రికా తెలుగిళ్లకూ వచ్చింది. 2019లో ‘ద లయన్ కింగ్’ కొత్త రూపం తెలుగులో విడుదలైనప్పుడు సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబా టిమోన్‌లకు బ్రహ్మానందం, అలీ గొంతులిచ్చారు. 2024లో ‘ముఫాసా’కి మహేశ్ బాబు గొంతిచ్చాడు. థియేటర్లో తెలుగు పిల్లలు బాగా నవ్వుకున్నారు, నవ్వుకోవలసిందే. ఆ రెండు సినిమాల ఇంగ్లీషు రూపాల్లో ప్రధాన పాత్రల గొంతులు చాలావరకు నల్లజాతి నటులవే. ‘ముఫాసా’ దర్శకుడు బ్యారీ జెంకిన్స్ కూడా నల్లజాతివాడే. తెలుగులోకి వచ్చేసరికి ఆ గొంతులు సహజంగానే పోతాయి. ముఖాలు మొదటే లేవు. ఇక ఆఫ్రికా అంటే మన పిల్లలకు మిగిలేది గడ్డీ సింహాలూను.

జంతువుల కథల్లో జాతి వెతకడమేమిటి, పిల్లలకు రంగులు తెలుస్తాయా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తెలుస్తాయి. 1940లలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే మనస్తత్వశాస్త్ర దంపతులు చిన్న పిల్లల ముందు రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న బొమ్మలు పెట్టి ఏది మంచిది, దేనితో ఆడుకుంటావు అని అడిగారు. నల్లజాతి పిల్లల్లో ఎక్కువమంది తెల్లబొమ్మ వైపే చూపించారు. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ పరిశోధనను ప్రస్తావించింది. అవి బొమ్మలు, సినిమాలు కావు, నిజమే. కానీ సినిమా చూసొచ్చిన పిల్లలు మర్నాడు కొనమని మారాం చేసేది ఆ సినిమా బొమ్మనే.

ఇక గొంతుల సంగతి. 1990ల తర్వాత పెద్ద తారల గొంతులతో యానిమేషన్‌ని అమ్మడం మామూలైపోయింది. ఎడ్డీ మర్ఫీ 1998లో ‘ములాన్’లో చిన్న డ్రాగన్, 2001లో ‘ష్రెక్’లో గాడిద. క్రిస్ రాక్ 2005లో ‘మడగాస్కర్’లో చారల గుర్రం. ఇద్దరూ ఆ సినిమాలకు ప్రాణం పోశారు, అందులో అనుమానం లేదు. ‘ష్రెక్’లోంచి గాడిదను తీసేస్తే ఏం మిగులుతుందో ఊహించడం కష్టం. అయితే ఆ పాత్రల పని ఏమిటి? కథానాయకుడి పక్కన వాగుతూ తిరగడం. 2004లో ‘ద ఇన్‌క్రెడిబుల్స్’లో శామ్యూల్ ఎల్. జాక్సన్ గొంతుతో ఫ్రోజోన్ అనే నల్లజాతి సూపర్‌హీరో మనిషి రూపంలోనే వచ్చాడు. ఆయనా కథానాయకుడి స్నేహితుడే. ఆయన భార్య గొంతు పక్క గదిలోంచి వినిపిస్తుంది, మనిషి మొదటి సినిమా అంతటా తెర మీదికి రాదు.

వచ్చారు, వచ్చి మారిపోయారు

2009 డిసెంబర్‌లో ‘ద ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్’ విడుదలైంది. 1920ల న్యూ ఆర్లీన్స్, జాజ్, సొంత హోటల్ పెట్టుకోవాలని రేయింబవళ్లు కష్టపడే టియానా. గొంతు అనికా నోని రోజ్‌ది. తీసేటప్పుడే గొడవలు మొదలయ్యాయి. మొదట కథానాయిక పేరు మ్యాడీ, ఒక తెల్లవాళ్లింట్లో పనిమనిషి. ఆ పేరు బానిసల కాలాన్ని గుర్తుచేస్తోందని, మొట్టమొదటి నల్లజాతి రాకుమారి పనిమనిషి ఏమిటని విమర్శలొచ్చాయి. పేరూ పనీ రెండూ మార్చారు. ఆ విమర్శలు సినిమాని బాగుచేశాయి. రాకుమారి కథల్లో ఉద్యోగం, డబ్బు కూడబెట్టడం లాంటి మాటలు వినిపించింది టియానాతోనే.

మార్చనిది ఒకటుంది. సుమారు అరగంట గడిచేసరికి టియానా కప్పయిపోతుంది. కథ ముగియడానికి కాస్త ముందు దాకా కప్పగానే ఉంటుంది. 72 ఏళ్లు ఎదురుచూసిన పిల్లలకు దొరికింది ఆకుపచ్చ కథానాయిక.

ఇదొక్కటే అయితే కథ అలా కుదిరిందిలే అనుకోవచ్చు. 2019లో ‘స్పైస్ ఇన్ డిస్‌గైజ్’ వచ్చింది. విల్ స్మిత్ గొంతుతో, అచ్చం ఆయనలాగే ఉండే గూఢచారి. కాసేపటికే పావురమైపోతాడు. 2020లో పిక్సార్ ‘సోల్’ వచ్చింది. న్యూయార్క్ బడిలో సంగీతం చెప్పే జో గార్డనర్, గొంతు జేమీ ఫాక్స్‌ది. సినిమా మొదలై పది నిమిషాలు తిరక్కముందే మ్యాన్‌హోల్‌లో పడి, లేత నీలం ఆత్మగా మారతాడు. భూమ్మీదికి తిరిగొచ్చినా పిల్లి ఒంట్లో దూరతాడు. ఆయన సొంత శరీరంలో అప్పుడుండేది 22 అనే మరో ఆత్మ, దానికి గొంతిచ్చింది టీనా ఫే అనే తెల్ల నటి. కప్ప, పావురం, నీలం ఆత్మ, పిల్లి. రంగు చూపించకుండా మనిషిని చూపించే దారులు ఎన్నో! (పోతన నల్లనివాడన్న కృష్ణుణ్ణి మన వెండితెర నీలం చేసింది. మనకీ ఈ విద్య కొత్తేం కాదు.)

దీనికి ఎదురు వాదన ఒకటుంది, కొట్టిపారేయదగ్గది కాదు. రూపం మారడం యానిమేషన్‌కి ఊపిరి. 1963 డిస్నీ సినిమాలో ఆర్థర్ చేపా ఉడతా పక్షీ అవుతాడు. 1991లో ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’లో రాకుమారుడు మృగమవుతాడు. 2012లో ‘బ్రేవ్’లో తల్లి ఎలుగుబంటి అవుతుంది. తెల్లవాళ్లకు మారే హక్కుండి, నల్లవాళ్లకు లేదా? ఉంది. లెక్కలోనే తేడా. తెల్లజాతి కథానాయకులు వందల్లో ఉన్నచోట ఒకడు మృగమైతే మిగతా అందరూ మనుషులే. నల్లజాతి కథానాయకులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నచోట ముగ్గురు మారిపోతే, పిల్లలు చూసేది ఆ మార్పునే. ఏ ఒక్క సినిమా రచయితనూ దీనికి నిందించలేం. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప కనబడని తప్పు ఇది.

‘సోల్’ని ఇక్కడ కాస్త వెనకేసుకు రావాలి. మొదట దర్శకుడు పీట్ డాక్టర్ రాసుకున్న కథలో లోకజ్ఞానం తక్కువగా ఉందని తెలిసి కెంప్ పవర్స్ అనే నల్లజాతి నాటక రచయితను పిలిచారు. కొన్ని వారాల పనికి వచ్చినవాడు సహ దర్శకుడయ్యాడు. పిక్సార్‌లో ఆ స్థానానికి వచ్చిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. మంగలి షాపు సన్నివేశం ఆయన పట్టుబట్టి పెట్టించింది. ఆ షాపులో వేర్వేరు ఛాయల చర్మాలు, వేర్వేరు జుట్లు, ఒకరినొకరు ఆటపట్టించుకునే మాటలు ఉన్నాయి. సినిమాలో బాగా బతికున్న చోటు అదే. నల్ల చర్మం మీద వెలుగు ఎలా పడాలో చెప్పడానికి ఛాయాగ్రాహకుడు బ్రాడ్‌ఫర్డ్ యంగ్‌ను సలహాదారుగా తీసుకున్నారు.

ఆ సినిమా ఇతర భాషల్లోకి వెళ్లేసరికి కథ తలకిందులైంది. డెన్మార్క్‌లో జోకి తెల్ల నటుడితో డబ్బింగ్ చెప్పించారు. అక్కడ విమర్శలొచ్చాయి, పోర్చుగల్‌లోనూ అలాంటి గొడవే లేచింది. ఎనభై ఏళ్లు గొంతిచ్చి ముఖం పోగొట్టుకున్నవాళ్లకు, ముఖం దొరికిన రోజున గొంతు పోయింది. డెన్మార్క్ నటుడు తన వంతుగా, పని బాగా చేయగలిగినవాళ్లకే అది దక్కాలని సమాధానం చెప్పాడు. గొంతుకి రంగేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. జాతి చూడకుండా గొంతులిచ్చే పద్ధతి నల్లజాతి నటులకు కూడా తెల్ల పాత్రలు తెచ్చిపెడుతుంటే ఆ ప్రశ్నకు ఇంకాస్త బలం ఉండేది.

డబ్బు మాట

ఇలాంటి పాత్రలకు విదేశాల్లో మార్కెట్ లేదనే నమ్మకం హాలీవుడ్‌లో పాతది. పెద్ద యానిమేషన్ సినిమాకి పది నుంచి ఇరవై కోట్ల డాలర్లు ఖర్చవుతుంది, నాలుగైదేళ్లు పడుతుంది. అంత పెట్టుబడి పెట్టేవాడు రిస్కు తీసుకోడన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. లెక్కలు చూస్తే తేలిపోతుంది.

2015లో డ్రీమ్‌వర్క్స్ ‘హోమ్’ తీసింది. బార్బడోస్ నుంచి వచ్చిన టిప్ అనే పిల్ల కథానాయిక, గొంతు రిహానాది. సినిమా అంతా మనిషిగానే ఉంటుంది, ఉంగరాల జుట్టుతో సహా. ప్రపంచవ్యాప్తంగా 38 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. 2018లో ‘స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్’ వచ్చింది. తండ్రి నల్లజాతివాడు, తల్లి ప్యుర్టో రికో మూలాలున్నది, కుర్రాడు బ్రూక్లిన్‌వాడు మైల్స్ మొరాలెస్. 37 కోట్లు దాటింది, ఉత్తమ యానిమేషన్ సినిమాగా ఆస్కార్ గెలిచింది. ముగ్గురు దర్శకుల్లో ఒకడైన పీటర్ రామ్సే ఆ విభాగంలో ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి దర్శకుడు. 2023లో వచ్చిన రెండో భాగం దాదాపు 69 కోట్ల డాలర్లు తెచ్చింది. అందులో దర్శకుల్లో ఒకరు ‘సోల్’కి పనిచేసిన కెంప్ పవర్సే. ఆ భాగాన్ని మన దేశంలో తెలుగుతో కలిపి పది భాషల్లో విడుదల చేశారు. పవిత్ర్ ప్రభాకర్ అనే భారతీయ స్పైడర్‌మ్యాన్ అందులో ఉండటం అందుకు ఒక కారణం. అతని కోసం థియేటర్‌కి వెళ్లిన తెలుగు పిల్లలు రెండుంపావు గంటలకు పైగా చూసింది మైల్స్ కథ. విదేశీ ప్రేక్షకులు ఒప్పుకోరన్నవాళ్లు ఆ విదేశీ ప్రేక్షకుల్లో మనమూ ఉన్నామని మరిచిపోయినట్టున్నారు.

అయితే మైల్స్‌ని యానిమేషన్ వాళ్లు కనిపెట్టలేదు. 2011లో కామిక్ పుస్తకాల్లో పుట్టి, ఏడేళ్లు పాఠకుల్ని సంపాదించుకున్నాకే తెర మీదికొచ్చాడు. పైగా స్పైడర్‌మ్యాన్ అనే పేరు వెనక ఉంది. కొత్త ముఖానికి పాత బ్రాండు హామీ ఉండాలన్నమాట.

ఇంతకంటే అన్యాయమైంది ఇంకోటి. ‘ద ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్’కి ఖర్చు పదిన్నర కోట్ల డాలర్లు, వసూళ్లు 26 కోట్లకు పైన. వారం తిరిగేసరికి ‘అవతార్’ వచ్చి పడినా అంత వచ్చింది. అయినా డిస్నీ ఆశించినంత రాలేదని నిరాశపడింది. రాకుమారి అనే మాట పేరులో ఉంటే మగపిల్లలు రారని, రపుంజెల్ కథకి ‘ట్యాంగిల్డ్’ అని పేరు మార్చింది. చేత్తో గీసే సినిమాలకూ త్వరలోనే తెర దించింది. మళ్లీ ఆఫ్రికా మూలాలున్న ఒక అమ్మాయిని మధ్యలో పెట్టి ఆ స్టూడియో సినిమా తీయడానికి 2023లో ‘విష్’ దాకా ఆగాల్సి వచ్చింది, అదీ ఆడలేదు. 2011లో అదే కంపెనీ ‘మార్స్ నీడ్స్ మామ్స్’ విడుదల చేసింది. తెల్ల పిల్లాడు కథానాయకుడు. 15 కోట్ల డాలర్ల ఖర్చుకి నాలుగు కోట్లు కూడా రాలేదు. యానిమేషన్ చరిత్రలోనే పెద్ద నష్టాల్లో అదొకటి. తెల్ల పిల్లాళ్ల కథలు ఆడవు, ఇక తీయొద్దని ఎవరూ అనలేదు. నల్లజాతి నాయకుడున్న సినిమా పరీక్ష రాస్తే ఆ మార్కులు జాతి మొత్తానికీ వేస్తారు.

బొమ్మల వ్యాపారం సంగతి కూడా చెప్పుకోవాలి, అసలు లాభం అక్కడే ఉంది. 2012లో డిస్నీ జూనియర్ చానల్‌లో మొదలైన ‘డాక్ మెక్‌స్టఫిన్స్’ సీరియల్‌లో ఒక నల్లజాతి చిన్నపిల్ల పాడైన బొమ్మలకు వైద్యం చేస్తుంటుంది. 2013లో ఆ పేరు మీద అమ్ముడైన సరుకు సుమారు 50 కోట్ల డాలర్లు. కొన్నవాళ్లలో తెల్ల పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. పిల్లలకు కావలసింది స్టెతస్కోపు, ఆ పిల్ల రంగు వాళ్లకు అడ్డు కాలేదు.

కంప్యూటర్‌కి ఏ జుట్టు తెలుసు

చేత్తో గీసే రోజుల్లో పెన్సిల్‌కి పక్షపాతం లేదు, పట్టుకున్న చేతికే. కంప్యూటర్ వచ్చాక పక్షపాతం పరికరంలోకి కూడా దిగింది. దీన్ని గట్టిగా చెప్పినవాడు థియోడోర్ కిమ్. పిక్సార్‌లో పనిచేసి, తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 2020లో ఆయన రాసిన వ్యాసం సారాంశం ఇది. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో చర్మం సహజంగా కనిపించడం మీద జరిగిన పరిశోధనంతా, వెలుతురు చర్మంలోపలికి దూరి చెదిరి బయటికి రావడం అనే గుణం చుట్టూ తిరిగింది. లేత చర్మానికి ఆ లోపలి మెరుపే ప్రాణం. ముదురు చర్మంలో కొట్టొచ్చినట్టు కనిపించేది పైపొర మీద మెరిసే వెలుగు. మొదటిదానికి ‘మానవ చర్మం’ అని పేరు పెట్టేసి, రెండోది ఎప్పుడో తర్వాత చూద్దామనుకున్నారు.

జుట్టు విషయమూ అంతే. పొడవాటి జారు జుట్టు గాలికి ఎలా ఎగరాలి, నీళ్లలో ఎలా తేలాలి అన్న లెక్కలకు ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. ‘ట్యాంగిల్డ్’ అంతా ఒక బంగారు జడ మీదే నిలబడింది. ‘బ్రేవ్’లో మెరిడా ఉంగరాల ఎర్ర జుట్టు కోసం పిక్సార్ కొత్త సాఫ్ట్‌వేరే రాసుకుంది. గట్టిగా చుట్టలు తిరిగిన ఆఫ్రికన్ జుట్టు గణితం వేరు. వెంట్రుక మాడు దగ్గర ఒకలా, కొసన ఒకలా తిరుగుతుంది, పక్క వెంట్రుకలతో కలిసి గుత్తులు కడుతుంది. కిమ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతాక్రూజ్ ఆచార్య ఎ. ఎం. డార్క్ కలిసి చేసిన పని వల్ల, ఆ జుట్టుకే ప్రత్యేకించిన పద్ధతులు 2024లో పరిశోధన పత్రాలుగా బయటికొచ్చాయి. రపుంజెల్ జడకీ దీనికీ మధ్య పద్నాలుగేళ్లు.

సాధనం లేక పాత్ర రాలేదా, పాత్ర అడగక సాధనం రాలేదా? మెరిడా సంగతి చూస్తే జవాబు తేలికే. కథానాయిక కావాలనుకున్నప్పుడు స్టూడియో సాఫ్ట్‌వేర్ రాయించింది. కథానాయిక ఉన్నా మెలకువ లేకపోతే ఏమవుతుందో 2018లో తెలిసింది. ‘రాల్ఫ్ బ్రేక్స్ ద ఇంటర్నెట్’ ట్రైలర్‌లో రాకుమార్తెలంతా కలిసి కనిపించే సన్నివేశంలో టియానా చర్మం తెల్లబడి, ముక్కు సన్నబడి ఉంది. జనం గోల చేశాక, అనికా నోని రోజ్‌ని, ఒక హక్కుల సంస్థను పిలిచి మాట్లాడి, విడుదలకు ముందే మళ్లీ గీశారు.

స్టూడియోల బయట పరిస్థితి కాస్త నయం. 1998లో ఫ్రాన్స్ దర్శకుడు మిషెల్ ఓస్లో ‘కిరికు’ తీశాడు. పుట్టగానే మాట్లాడే పసివాడు, పశ్చిమాఫ్రికా పల్లె, సెనెగల్ గాయకుడు యూసూ ఎన్‌డూర్ సంగీతం. ఓస్లో బాల్యం గినీలో గడిచింది. హాలీవుడ్ ఖర్చులో చిన్న ముక్కతో తీసిన ఆ సినిమాని ఫ్రాన్స్‌లో లక్షల మంది చూశారు. ఇంగ్లీషు దేశాల పంపిణీదారులకు మాత్రం పల్లె స్త్రీలు రవికలు లేకుండా ఉండటం పెద్ద అడ్డంకైంది. కిరికు ఏ జంతువుగానూ మారడు. మారాల్సిన అవసరం ఓస్లోకి కనిపించలేదు.

2017లో మాథ్యూ చెర్రీ అనే మాజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, కూతురికి జడ వేయడం నేర్చుకునే నల్లజాతి తండ్రి కథకు ఇంటర్నెట్‌లో చందాలడిగాడు. అడిగింది 75 వేల డాలర్లు, వచ్చింది 2 లక్షల 80 వేలకు పైగా. ‘హెయిర్ లవ్’ అనే ఆ చిన్న సినిమాకి 2020లో ఆస్కార్ వచ్చింది. ఆఫ్రికా మూలాలున్న కుగాలి అనే కామిక్స్ కంపెనీ కుర్రాళ్లు బీబీసీ ఇంటర్వ్యూలో డిస్నీని చిత్తు చేస్తామని సరదాగా సవాలు విసిరితే, డిస్నీయే వాళ్లను పిలిచి కలిసి పనిచేద్దామంది. లాగోస్ నగరం మీద వాళ్లు తీసిన ‘ఇవాజు’ ఆరు భాగాలుగా 2024లో వచ్చింది. సినిమాగా కాదు, స్ట్రీమింగ్ సీరియల్‌గా. కొత్తవాళ్లకు దొరుకుతున్న చోటు ఇప్పుడు ఎక్కువగా అదే. పోస్టర్లు, థియేటర్లు, బొమ్మల దుకాణాల హడావిడి లేకుండా వచ్చి వెళ్లిపోతాయి.

టియానా విషయానికొస్తే, 2024 జూన్‌లో ఫ్లోరిడా డిస్నీ పార్కులో ఆమె పేరు మీద నీటి రైడ్ తెరిచారు. అంతకుముందు అక్కడున్నది ‘సాంగ్ ఆఫ్ ద సౌత్’ పాత్రలతో కట్టిన రైడ్. ఆమె హోటల్ పెట్టాక ఏం జరిగిందో చెప్పే సీరియల్ కూడా తీస్తామని కంపెనీ 2020లో ప్రకటించింది, కొన్నేళ్లు పని కూడా జరిగింది. స్ట్రీమింగ్ కోసం పెద్ద యానిమేషన్ సీరియళ్లు తీయడం మానుకుంటున్నామని 2025 మార్చిలో దాన్ని ఆపేశారు. దాంతో టియానా మొదటి నుంచి చివరిదాకా మనిషిగా ఉండే పెద్ద కథ ఇప్పటికి ఆగిపోయింది.